గోంగూర రొయ్యలూ, మూడు ఏడులూ

మీరంతా నావాళ్లు కాబట్టి చెప్తున్నాను, బయట అనకండి. 2006లో ఢిల్లీ తెలుగు బ్లాగర్లలో నాకు నలుడంత పేరు. "బాబురావు భోజనశాల" అని బ్లాగు నడిపేవాణ్ణి. వంటలు మా ఆవిడ సరళకుమారివి. పేరు మాత్రం నాది.

వసంత్ కుంజ్‌లో మా సోఫా పక్కనున్న పాత కంప్యూటరే ఆ బ్లాగుకి సర్వర్. నర్సు డ్యూటీ చార్టులు వేసుకోడానికి సరళకీ అందులో ఒక లాగిన్ ఇచ్చాను.

ఆ శనివారం మధ్యాహ్నం అశోకా రోడ్ హోటల్లో బ్లాగర్ల సమావేశం. "పొద్దున్నే గోంగూర రొయ్యల ఫొటో పెడతా, చూసి రండి" అని అందరికీ డప్పు కొట్టేశాను. తీరా పెట్టబోతే కంప్యూటర్‌ది ఒకటే మాట: ఈ ఫోల్డర్లో రాయడానికి అనుమతి లేదు.

"నా ఇంట్లో నాకే అనుమతి లేదా!"

"ఎప్పుడుందండీ?" అంది సరళ, వంటింట్లోంచి.

పరువు పోయేలా ఉందని గుర్గావ్ సాఫ్ట్‌వేర్ మిత్రుడు సదాశివరావుకి ఫోన్ చేశాను. "అరే యార్, అన్నిటికీ 777 కొట్టెయ్. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు. బస్, ఖతం!" అన్నాడు.

కొట్టాను. ఫొటో ఎక్కింది! నేను సోఫా ఎక్కాను.

"సరళా, గెలిచాను! తలుపులన్నీ బార్లా తెరిచేశా!"

గరిటెతో వచ్చింది. "అందరికీనా? నాక్కూడానా?"

"లాగిన్ ఉన్న ప్రతి ప్రాణికీ!" అని, తలకి రంగేసుకుని గంటసేపు తీరిగ్గా స్నానం చేశాను. ఆస్పత్రిలో కేస్ షీట్లు కంప్యూటర్లోకి ఎక్కించడం మిగతా నర్సులకి నేర్పిందే ఈవిడ. ఆ సంగతి నాకు గుర్తుంటేగా!

సరళతో కలిసి హోటల్లో అడుగుపెట్టగానే చప్పట్లు. నేను దణ్ణం పెట్టేలోపే అందరూ నన్ను దాటుకుని సరళ దగ్గరికి పోయారు. "మేడమ్, ఇన్నాళ్లూ మీరేనా!"

అక్కడికొచ్చిన సదాశివరావు నవ్వాపుకోలేక నా బ్లాగు ప్రింటు నా చేతిలో పెట్టాడు. ప్రతి వంట కిందా ఒకటే వాక్యం: "వండింది సరళకుమారి. తిన్నది బాబురావు." గోంగూర రొయ్యల కింద ఇంకోటి కూడా ఉంది: "ఫొటోకి అడ్డొచ్చిన వేలు ఆయనదే."

సిగ్గుతో చచ్చాను. కానీ అంతమంది మధ్య ఆవిడ మొహం చూశాక, నిజం చెప్తున్నా, నాకూ గర్వంగానే అనిపించింది. కాసేపు.

ఇంటికి రాగానే ఆ వాక్యాలు చెరపబోయాను. అనుమతి లేదు! నేను స్నానంలో ఉండగానే సరళ ఫైళ్లన్నీ తన పేరు మీద మళ్లీ చేసి, నావి తీసిపారేసింది.

"కేస్ షీటు అందరూ చూడొచ్చండీ, రాసేది డ్యూటీలో ఉన్నవాళ్లే. 755 పెట్టాను. నేను రాస్తాను, మీరు చదువుకోండి."

అన్నిటినీ తెరిచే పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. రాత్రికీ ఆవిడ వండిన ఆ రొయ్యలే కదా అని దాని జోలికి పోలేదు.

"పోనీ ఒక్క వాక్యం రాసుకోనా సరళా? 'అంట్లు తోమింది బాబురావు' అని?"

"ముందు తోమండి. తర్వాత రాద్దురుగాని."