నోరు మూయించే మందు

నీటి కొరతను మూడు వారాల్లో మూటగట్టి సాగనంపుతానని వ్యవసాయ మంత్రిగారు ఉదయం పదింటికి ప్రకటించారు. అదెలాగో తెలుసుకుందామని పదకొండింటికి పరిశోధన కేంద్రానికి వచ్చారు. దూరదృష్టి అంటే అదీ.

అక్కడ అందరూ మొక్కల మేడమ్ అని పిలిచే శాస్త్రవేత్త ఆయనకు రెండు వరసల టమాటా మొక్కలు చూపించింది. ఒక వరసకు నీళ్లు మానేసింది. రెండో వరసకు ఉప్పునీళ్లు పోస్తోంది.

“వేరుకు తడి తగలకపోయినా, ఉప్పు తగిలినా మొక్క తనలోనే ఒక హార్మోన్ తయారు చేసుకుంటుందండి. ఆకులకు కంటికి కనబడని నోళ్లుంటాయి. ఆ హార్మోన్ వెళ్లి వాటిని మూయిస్తుంది. లోపలి నీరు బయటికి పోదు. కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. అదే హార్మోన్‌ని మేం పైనుంచి చల్లి చూస్తున్నాం.”

అప్పటిదాకా వాచీ చూసుకుంటున్న మంత్రిగారు తలెత్తారు.

“నోళ్లు మూయిస్తుందా?”

“ఆకులవండి.”

“ఓర్చుకుంటారా?”

“మొక్కలండి.”

“ఎంతమందికి సరిపోతుంది?”

మేడమ్, మంత్రిగారి సెక్రటరీ వైపు చూసింది. ఆయన అప్పటికే రాసుకుంటున్నాడు.

సంగతేమిటంటే, బావుల్లో నీళ్లు ఉప్పెక్కాయని రెండొందల మంది రైతులు నెల రోజులుగా మంత్రిగారి ఆఫీసు ముందు కూర్చుని అరుస్తున్నారు. అందులో మేడమ్ చిన్నాన్న కూడా ఉన్నాడు. ఆయన గొంతు మూడో అంతస్తుకు వినబడుతుంది.

మనుషుల మీద పనిచెయ్యదని మేడమ్ నాలుగు పేజీలు రాసిచ్చింది. “అంటే సైడ్ ఎఫెక్ట్స్ లేవన్నమాట” అని సెక్రటరీ ఫైల్లో పెట్టాడు. మేడమ్ హార్మోన్ సీసాను అల్మారాలో పెట్టి తాళం వేసింది. సెక్రటరీ ఏమీ అనుకోలేదు.

“సీసా మీ దగ్గరే ఉంచుకోండి మేడమ్. లేబుల్ ఇవ్వండి చాలు.”

మర్నాడు పొద్దున్నే ఆరు మంచినీళ్ల ట్యాంకర్లు లేబుళ్లు అంటించుకుని వచ్చాయి. గొట్టాలు విప్పి జనం మీదికి కొట్టారు. అరుపులు ఠక్కున ఆగిపోయాయి. నోటినిండా నీళ్లున్నవాడు ఏం మాట్లాడతాడు?

మేడమ్ పరుగున వచ్చేసరికి చిన్నాన్న చొక్కా పిండి చెంబు నింపుకుంటున్నాడు.

“ఇది మందు కాదు చిన్నాన్నా, ఉత్త నీళ్లే.”

“తెలుసులేవే, మెల్లిగా అను. రేపు కూడా కొడతారా?”

మర్నాడు రెండు వేల మంది వచ్చారు, బిందెలతో, పీపాలతో, నారు తట్టలతో. ఒక్కరూ పెదవి విప్పలేదు. మంత్రిగారు బాల్కనీలో నిలబడి కళ్లు తుడుచుకున్నారు. ఇంత క్రమశిక్షణ తన రాజకీయ జీవితంలో చూడలేదన్నారు. ఊరూరికీ రోజూ ట్యాంకర్లు పంపాలని సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది.

అది మేడమ్ సంతకానికి వచ్చింది. అందులో ఒక గడి ఖాళీగా ఉంది: ట్యాంకరుకు హార్మోన్ ఎంత?

దశాంశం తర్వాత మూడంకెలు వెయ్యందే స్థిమితపడని మనిషి ఆమె. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

చివరికి ‘తగినంత’ అని రాసి సంతకం పెట్టింది.