ఇరవై రెండు కిలోల సంగీతం

పాడైన వస్తువు కన్నా దాని మీద ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఎక్కువ గట్టిగా ఉండటమే నాగరికతకు పరాకాష్ఠ. శృంగవరపుకోటలో ఆ పరాకాష్ఠను మొదట చవిచూసిన గౌరవం రిటైరైన లెక్కల మాస్టారు తిరుమలరావుకు దక్కింది.

మాస్టారికి ఆదివారాలంటే ప్రాణం. ఆ రోజు పొద్దున్నే ఎల్లాజీ, భాస్కర్, ఇంకో ఇద్దరు ఆయన ముందుగదిలో చేరి వయొలిన్ కచేరీలు వినేవారు. మాస్టారి భార్య నీలవేణి కాఫీలిచ్చేది. మాస్టారు కళ్లు మూసుకుని తల ఊపితే మిగతావాళ్లూ ఊపేవారు (దీన్నే నాయకత్వం అంటారు). ఈ సభకు ఆధారం నలభై ఏళ్ల నాటి యాంప్లిఫయర్. ఓసారి పిడుగు పడి వీధిలో టీవీలన్నీ పోయినా అది మాత్రం ఖంగున పాడింది. అంత నమ్మకంగా పనిచేసే వస్తువు మీద మనిషికి విసుగు పుట్టడం సహజమే. "దీనికి కాలం సెల్లిపోనాది, తీసుకుపో బావా" అని పక్క వీధిలో ఉండే నీలవేణి అన్న జగన్నాధానికి దాన్ని ఇచ్చేసి, మాస్టారు కొత్తది కొనడానికి విశాఖపట్నం వెళ్లారు.

షోరూములో అమ్మే మనిషి వాట్ల గురించి చాలాసేపు చెప్పాడు. మాస్టారు మాత్రం మా ఊరి సంతలో పనసకాయ బేరానికి అందరూ చేసే పనే చేశారు. ఎత్తి చూశారు. మొదటిది ఒంటి చేత్తో లేచింది. జాలిపడి దింపేశారు. ఇరవై రెండు కిలోల రెండోది ఎత్తితే నడుం పట్టేసింది. మూలుగుతూనే కొనేశారు.

నాలుగో నెలలో, ఓ ఆదివారం, ఆలాపన మధ్యలో అది మూగబోయింది. విద్వాంసుడు కావాలనే ఆపాడనుకుని ఎల్లాజీ "ఆహా" అన్నాడు. కాఫీలు కూడా అయ్యాక అందరికీ అనుమానం వచ్చింది. పై ఆదివారం సభ జగన్నాధం ఇంటికి మారిపోయింది. మాస్టారు ముందుగదిలో ఒక్కరే కూర్చుని, పక్క వీధిలోంచి వస్తున్న తన పాత యాంప్లిఫయర్ పాటే విన్నారు. ఆయనకు ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఇక్కడ కూకుంటే పాటొస్తాదేటి? ఫిర్యాదెట్టండి" అంది నీలవేణి.

కంపెనీ యాప్ సమస్యను ఎంచుకోమంది. 'శబ్దం బాగుంది', 'శబ్దం చాలా బాగుంది', 'ఇతరం' అని మూడే ఉన్నాయి. మాస్టారు 'ఇతరం' నొక్కారు. సమస్యను రికార్డు చేసి పంపమంది. ఆయన యాంప్లిఫయర్ మౌనాన్ని శ్రద్ధగా రికార్డు చేసి పంపారు. 'మీ సమస్య వినబడటం లేదు, మరోసారి స్పష్టంగా పంపండి' అని జవాబొచ్చింది. వారం రోజులు రకరకాల మౌనాలు పంపాక, కంపెనీ తన ప్రాంతీయ సంతృప్తి నిర్ధారణాధికారిణి అరుణశ్రీని పంపింది. ఆమెది పాతపట్నం. మర్యాదస్తురాలు.

ఆమె మూత విప్పింది. లోపల అరచేయంత బోర్డు, నాలుగు బోల్టులతో బిగించిన ఇనుప దిమ్మ ఉన్నాయి. మిగతాదంతా గాలి.

"ఏటమ్మా ఇది?" అన్నారు మాస్టారు.

"దిమ్మండి. మన వైపు జిల్లాల్లో అందరూ ఎత్తి సూసి కొంటారు కదా. అందుకని కంపెనీ మనకోసమే పెట్టింది."

"మరి పాటో?"

"అది బోర్డులోంచి వస్తాదండి. బోర్డుకి పనిసేసినంతకాలం వారంటీ ఉంటాది, ఆగిపోతే అయిపోతాది. దిమ్మకైతే జీవితకాలం."

వారంటీ ఉన్న భాగాన్నే పరీక్షించాలని నిబంధన. ఆమె దిమ్మను తూచింది. బరువు కొంచెం తక్కువగా తేలింది. కంపెనీ తరఫున మనస్ఫూర్తిగా క్షమాపణ చెప్పి, అంతకన్నా పెద్ద దిమ్మ బిగించి వెళ్లిపోయింది. ఆమె వీధి మలుపు తిరగకముందే ఫోన్లో సందేశం వచ్చింది: 'మీ సమస్య సంపూర్ణంగా పరిష్కారమైంది.'

సాయంత్రం జగన్నాధం వచ్చాడు.

"కంపెనీవోల్లు బాగుసేసి పోనారట కదా బావా?"

మాస్టారు ఫోన్ చూపించారు. జగన్నాధం సందేశాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత యాంప్లిఫయర్‌ను ఎత్తాడు. ఊపిరి బిగబట్టాడు. దింపాడు.

"సరుకంటే ఇది. మన పాతది దీని ముందెంత? మార్సుకుందావా?"

పాట వినిపించమని జగన్నాధం అడగలేదు. వింటావా అని మాస్టారూ అడగలేదు. మాస్టారికి సిగ్గేసింది, కానీ ఆదివారం ఇంకో రెండు రోజుల్లో ఉంది. చెరోపక్కా పట్టుకుని దాన్ని పక్క వీధికి మోసి, పాతదాన్ని వెనక్కి తెచ్చారు.

ఆదివారం సభ మళ్లీ మాస్టారి ముందుగదిలో జరిగింది. జగన్నాధం కూడా వచ్చి ఎల్లాజీ పక్కన కూర్చున్నాడు. వయొలిన్ ఎక్కడా తడబడలేదు. కాఫీల వేళ మాస్టారు ధైర్యం చేసి అడిగారు.

"కొత్తదాంట్లో పాటెలాగుంది బావా?"

"పాటెట్టడానికి కాళీ ఏదీ? వచ్చినోల్లందరూ ఎత్తి సూసి మెచ్చుకుంతన్నారు" అన్నాడు జగన్నాధం, గర్వంగా. "ఇద్దరు కొనీడానికి బస్సెక్కీసినారు కూడాను."