అయిదేళ్ళ కబడ్డీ

"మన ఆడపిల్లలు ఓడిపోలేదు. వాళ్ళ గెలుపు కొంచెం ఆలస్యమైంది, అంతే!"

అశోక్‌నగర్ వార్డు క్రీడాభివృద్ధి మండలి అధ్యక్షులు విద్యాసాగర్ గారు నారాయణగూడలో ప్రెస్‌మీట్ పెట్టి ఈ సంగతి ప్రకటించగానే, వెనక వరసలో నిలబడ్డ కోచ్ కరుణాకర్‌కు కళ్ళు చెమర్చాయి. ముందురోజే అతని కబడ్డీ జట్టు బస్తీ పోటీల మొదటి మ్యాచ్‌లో గాంధీనగర్ పిల్లల చేతిలో చిత్తుగా ఓడింది. ఆ బాధతో అతనికి రాత్రి కునుకు లేదు. ఓటమిని ఇంత అందంగా కూడా చెప్పుకోవచ్చని తెలియక, అనవసరంగా నిద్ర పాడుచేసుకున్నాడు.

"ఈ ఆలస్యానికి కారణాలేమిటో శాస్త్రీయంగా తేలుస్తాం. హైలెవల్ పెర్ఫార్మెన్స్ రివ్యూ కమిటీ వేస్తున్నాం" అన్నారు అధ్యక్షులు.

"కమిటీలో కబడ్డీ ఆడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"ఆడినవాళ్ళను పెడితే ఆట మీద ప్రేమతో పక్షపాతం చూపిస్తారు. మాది న్యూట్రల్ కమిటీ."

అంత ముందుచూపు కరుణాకర్‌కు ఎన్నడూ లేదు. అతను చిక్కడపల్లిలో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టారు. తెల్లవారుజామున కాలనీ గ్రౌండ్‌లో బస్తీ ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతాడు. చాలామంది అమ్మానాన్నలు పాలమూరు నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్ళు. జట్టు కెప్టెన్ నర్మద ఇంటర్ పాసయింది. వాళ్ళమ్మ ఈదమ్మ కరుణాకర్‌కు మొహం మీదే చెప్పేసింది. "దసరా దాంక చూస్త సారూ. కప్పు గిప్పు వస్తె సరే. లేకుంటె నా తోని పనికి రావాలె." దసరా కప్పు గెలిచిన వార్డే రాష్ట్ర పోటీలకు వెళ్తుంది. అక్కడ ఆడిన పిల్లలకు స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటు దొరుకుతుంది. ఈదమ్మకు కోటా సంగతి తెలియకపోయినా దసరా ఎప్పుడొస్తుందో బాగా తెలుసు.

కమిటీ ఛైర్మన్‌గా వీరరాఘవరావు గారిని వేశారు. ఆయన రిటైర్డ్ జాయింట్ డైరెక్టరు. సర్వీసులో ఆయన నడిపిన ఏ విచారణా గడువులోగా ముగిసి ఎవరినీ కష్టపెట్టలేదు. సభ్యుడు ఫణికిరణ్, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ అభ్యర్థులకు డేటా ఇంటర్‌ప్రిటేషన్ చెప్పే కుర్రాడు. లాప్‌టాప్ లేకుండా అతను టీ కూడా తాగడు.

మొదటి సమావేశానికి కరుణాకర్‌ను కూడా పిలిచారు.

"రూట్ కాజ్ దొరికింది సార్!" అన్నాడు ఫణికిరణ్ తెర మీద గ్రాఫ్ చూపిస్తూ. "మన ఓటమికి ముఖ్య కారణం, అవతలి జట్టుకు మనకంటే ఎక్కువ పాయింట్లు రావడం."

వీరరాఘవరావు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"డేటా ఉందా?"

"ఉందండీ. వాళ్ళకి నలభై ఒకటి, మనకి తొమ్మిది."

"ఈ కోణంలో ఇంతవరకూ ఎవరూ ఆలోచించలేదయ్యా!"

కరుణాకర్ భయపడుతూనే చెయ్యెత్తాడు. "సార్, నర్మద కూతకు పోతె ప్రతిసారి కుడివైపే మళ్ళుతది. అవతలోళ్ళు అది కనిపెట్టి పట్టుకుంటున్రు. ఎడమవైపు గూడ మళ్ళుడు అలవాటు చేపియ్యాలె. రోజూ జర ప్రాక్టీసు ఉంటే..."

"ఇది మీకెలా తెలిసిందండీ?" అన్నాడు ఫణికిరణ్.

"చూసిన సార్."

"చూడడం ఎవిడెన్స్ కిందకి రాదండీ" అని ఫణికిరణ్ ఎంతో సానుభూతితో చెప్పాడు.

ఆట ఎక్కడ జరిగిందో సమీక్ష కూడా అక్కడే జరగాలని కమిటీ రెండో సమావేశంలో తీర్మానించింది. మర్నాటికల్లా పిల్లలు ఆడే కాలనీ గ్రౌండ్‌లో షామియానా లేచింది. కబడ్డీ కోర్టు మీద కుర్చీలు, బల్లలు, రెండు కూలర్లు వెలిశాయి. తెల్లవారి వచ్చిన పిల్లలు గుంజలను చూసి ఆగిపోయారు.

"మరి మేమెక్కడ ఆడాలె సార్?" అంది నర్మద.

కరుణాకర్ నేరుగా విద్యాసాగర్ గారి దగ్గరికి పరుగెత్తాడు.

"ఆడుడెందుకయ్యా ఇప్పుడు?" అన్నారాయన ఆశ్చర్యంగా. "రివ్యూ అయ్యేదాంక ఆట బంద్ చెయ్యమను. పేషెంటు లేచి ఉరుకుతుంటె టెస్టులెట్ల చేస్తరు?"

కరుణాకర్ దగ్గర ఉన్నదల్లా ఏడుగురు పిల్లలు, దగ్గరపడుతున్న దసరా. చివరికి నర్మద తండ్రి బాలప్ప ఒక చోటు చూపించాడు. కవాడిగూడలో అతను వాచ్‌మన్‌గా ఉన్న అపార్ట్‌మెంటు కోర్టు కేసులో పడి సగంలో ఆగిపోయింది. సెల్లారులో ఇసుక కుప్పలు అలాగే ఉన్నాయి. పిల్లలు ఆ ఇసుకను పరిచి, సున్నంతో గీతలు గీసుకున్నారు.

మొదటి వారం నర్మద ఎడమకు మళ్ళిన ప్రతిసారీ బోర్లా పడింది. ఒకరోజు లేవకుండా అక్కడే కూర్చుని, "నాతోని కాదు సార్. కాలు మాట ఇంటలేదు" అని ఏడ్చింది.

"పడితె ఏమైతది? ఇసుకనే గదా. ఇంకోసారి పడు."

పడింది. మళ్ళీ మళ్ళీ పడింది. వానలు మొదలై సెల్లారులోకి నీళ్ళొస్తే, పిల్లలే తట్టలతో ఎత్తిపోసి ఆడారు. ఓ పొద్దున నర్మద ఎడమకు మళ్ళి, గీత దాటి వచ్చి, తను పడలేదని తనే నమ్మలేక కాసేపు కాళ్ళవంక చూసుకుంది.

అదే సమయంలో కమిటీ కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇసుక మీద పాదాల కదలికను అధ్యయనం చేయడానికి గోవా వెళ్ళింది. పిల్లలను కూడా తీసుకెళ్ళొచ్చు కదా అని కరుణాకర్ అడిగితే, శాంపిల్‌ను కదిలిస్తే స్టడీ చెడిపోతుందని ఫణికిరణ్ ఓపిగ్గా వివరించాడు.

తిరిగొచ్చాక అయిదేళ్ళ ప్రణాళిక విడుదలైంది. మొదటి ఏడు గౌరవప్రదంగా ఓడడం. రెండో ఏడు పట్టుదలతో ఓడడం. మూడో ఏడు సెమీఫైనల్. నాలుగో ఏడు దాని మీద సమీక్ష. అయిదో ఏడు కప్పు. ప్రణాళిక చదివి పైవాళ్ళు ముగ్ధులై అయిదేళ్ళకూ నిధులు మంజూరు చేశారు.

ఇంత పకడ్బందీ ప్రణాళికకు పిల్లలే అడ్డం తగిలారు. దసరా కప్పులో మొదటి మ్యాచ్ గెలిచారు. రెండోదీ గెలిచారు. ఆ సాయంత్రమే చిక్కడపల్లిలో మిఠాయి దుకాణం పైనున్న ఆఫీసుకు కరుణాకర్‌ను రమ్మన్నారు. విద్యాసాగర్ గారు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. వీరరాఘవరావు గారు ఎవరో పోయినట్టు కూర్చుని ఉన్నారు.

"రేపు సెమీస్ ఓడిపోవాలె" అన్నారు అధ్యక్షులు.

"ఎందుకన్నా?"

"మూడో ఏడు ఆడాల్సిన సెమీస్ ఇప్పుడే గెలిస్తె, ఇగ మెరుగుపరిచేది ఏముంటదయ్యా? పైనోళ్ళు అడిగితె నేనేం చెప్పాలె?"

"ప్లాన్ కంటే ముందే ఫలితం రావడం నిబంధనలకు విరుద్ధమండీ" అన్నారు వీరరాఘవరావు గారు. "నా సర్వీసులో ఎప్పుడూ జరగలేదు."

ఆ మాట మాత్రం కరుణాకర్ మనస్ఫూర్తిగా నమ్మాడు.

అక్కడి నుంచి కవాడిగూడ దాకా నడిచే వెళ్ళాడు. బండి తెచ్చిన సంగతే మరిచాడు. సెల్లారులో పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఈదమ్మ అందరికీ గిన్నెల్లో అన్నం పెడుతోంది. గెలిచిన దగ్గర్నుంచీ ఆమె పని సంగతి ఎత్తడం లేదు.

"పెద్దసారు ఏమన్నరు సార్?" అంది నర్మద.

కరుణాకర్ తనూ ఒక గిన్నె అందుకున్నాడు. "మంచిగ ఆడమన్నరు."

సెమీస్ గెలిచారు. ఫైనల్ మళ్ళీ గాంధీనగర్‌తోనే. స్కోరు సమానంగా ఉండగా ఆఖరి కూతకు నర్మద వెళ్ళింది. అవతలివాళ్ళు ఆమె కుడివైపు గొలుసు కట్టి కాచుకున్నారు. నర్మద ఎడమకు మళ్ళింది. ఒకామెను తాకి, ఇంకొకామె చేతుల కింది నుంచి దూరి, గీత మీద బోర్లా పడింది. ఇసుక కాదు కాబట్టి మోచేయి చీరుకుపోయింది. కరుణాకర్ మాత్రం ఆ మోచేతిని చూడనే లేదు, గీత దాటి ఇవతలికి వచ్చిన ఆమె వేళ్ళనే చూశాడు.

సన్మానం నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాల్లో ఘనంగా జరిగింది. కమిటీ సభ్యులకు కప్పేసరికే శాలువాలు అయిపోయాయి. వేదిక మీద చోటు చాలక పిల్లలు కింద, కూలర్ వెనకాల నిలబడ్డారు. కప్పుతో ఫొటో దిగడం అయ్యాక విద్యాసాగర్ గారు మైకు అందుకున్నారు.

"మన జట్టు లక్ష్యాన్ని చేరింది! చేరినవాళ్ళను ఇంకా చేర్చడం ప్రజాధనం దుర్వినియోగం. అందుకని ఈ జట్టును సగౌరవంగా రద్దు చేస్తున్నాం. ప్రణాళిక ఆగకూడదు కనుక కొత్త జట్టును ఎంపిక చేస్తాం. కబడ్డీ ఏనాడూ ఆడని ఆడపిల్లలే అర్హులు. రాష్ట్ర పోటీలకు ఆ జట్టునే పంపిస్తాం!"

చప్పట్లకు హాలు అదిరింది. ఈదమ్మ కరుణాకర్ చెయ్యి పట్టుకుని గుంజింది.

"గెల్చినందుకు ఇంటికి పంపుతున్నరా సారూ?"

కాసేపటికి నర్మద, కట్టు కట్టిన మోచేయి పట్టుకుని దగ్గరికొచ్చింది.

"సెలక్షన్లు ఎప్పుడు సార్?"

"ఆదివారం."

"చేసేది ఎవరు?"

"కమిటీవాళ్ళు."

ఆమె మిగతా పిల్లల వైపు తిరిగి చూసింది. వాళ్ళు ఆమె వైపు చూశారు.

ఆదివారం పొద్దున షామియానా కింద వీరరాఘవరావు గారు, ఫణికిరణ్ కొలువుదీరారు. అధ్యక్షులు వేరే వార్డులో ఒక సమీక్షను ప్రారంభించడానికి వెళ్ళారు. ఈల ఊదే బాధ్యత కరుణాకర్‌కు ఇచ్చారు. వరసలో అందరికంటే ముందు రెండు జడలు వేసుకుని, పొడుగు చేతుల పంజాబీ డ్రెస్సులో ఒకమ్మాయి నిలబడి ఉంది.

"పేరేమిటమ్మా?"

"నర్మద సార్."

"ఎప్పుడైనా కబడ్డీ ఆడావా?"

"అంటే ఏంది సార్?"

ఫణికిరణ్ కుర్చీలోంచి లేచాడు. "జీరో బేస్‌లైన్ సార్! ఐడియల్ కాండిడేట్!"

తరవాత వచ్చినామె, బ్యాట్ మీరిస్తరా మేమే తెచ్చుకోవాల్నా అని అడిగింది. ఆమెనూ తీసుకున్నారు. ఆ వెనక నిలబడ్డ అయిదుగురి అజ్ఞానానికీ వీరరాఘవరావు గారు ముచ్చటపడ్డారు. కరుణాకర్ ఈలను పళ్ళ మధ్య గట్టిగా కరిచిపట్టి, ఊదకుండా నిలబడ్డాడు.

ఏడుగురినీ కోర్టులోకి దింపారు. నర్మద వెళ్ళి మధ్యగీత ముందు ఆగింది. ఒక పాదం ముందుకు పెట్టి, వెనక్కి తీసుకుంది.

"సార్, ఈ గీత దాటొచ్చునా?"

వీరరాఘవరావు గారు వాత్సల్యంతో నవ్వారు.

"తొందరపడకు తల్లీ. అది మూడో ఏడు సిలబస్."