పిన్ని ఈతకు వాయిదా

నాగరికత అంటే ఏ పనినైనా పద్ధతిగా రేపటికి నెట్టగలగడం. ఈ సత్యాన్ని గుర్తించే ప్రభుత్వం కలల వాయిదా శాఖను నెలకొల్పింది. వయొలిన్ నేర్చుకోవాలనో, నవల రాయాలనో, సొంత దుకాణం పెట్టాలనో కోరిక ఉన్న ప్రతి పౌరుడూ ఏటా ఆ ఆఫీసుకు వెళ్లి, తగిన కారణం చూపించి, కోరికను మరో ఏడాదికి వాయిదా వేయించుకోవాలి. వేయించుకోనివాడు వెంటనే మొదలుపెట్టి తీరాలి. (శిక్ష మరీ కఠినంగా ఉందని మేధావులు ఖండించారు. ఖండన ప్రకటన ఇంకా రాయాల్సి ఉంది.)

మా పిన్ని కోరిక ఈత. ఈతకొలను ఎదురుగానే ఆవిడ కుట్టుపని దుకాణం. అక్కడ ఈదేవాళ్ల దుస్తులన్నీ బిగించిందీ, వదులు చేసిందీ ఆవిడే. తనకోసమూ ఒకటి కుట్టుకుని బీరువాలో దాచుకుంది. ఏటా దాన్ని బయటికి తీసి, నడుము దగ్గర కాస్త వదులు చేసి, మళ్లీ లోపల పెట్టేస్తుంది. ఇక వదులు చేయడానికి గుడ్డ మిగల్లేదని ఈమధ్య నవ్వుతూ చెప్పింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఈసారి వాయిదాకి తోడు రమ్మంటే వెళ్లాను. గేటు దగ్గరే కారణాల ఏజెంట్లు చుట్టుముట్టారు.

"అమ్మా, నడుంనొప్పి ఉంది, డాక్టరు సంతకంతో సహా! మోకాళ్లు కావాలంటే రేపు రండి."

"నొప్పులు మా ఇంట్లోనే బోలెడున్నాయి నాయనా" అంటూ పిన్ని లోపలికి నడిచింది.

లోపల క్యూ ముందుకు కదలడం లేదు. 'ముందు మీరు కానివ్వండి' అంటే 'అయ్యో, ముందు మీరే' అని అందరూ వెనక్కి జరుగుతున్నారు. ఆ మర్యాద పుణ్యమా అని చివర నిలబడ్డ మేమే ముందు కిటికీ దగ్గరికి చేరాం.

వాయిదాల అధికారి కంప్యూటర్లోంచి తల ఎత్తకుండానే అడిగారు.

"ఈసారి కారణం?"

"పిల్లల చదువులు సార్."

"వాడేశారమ్మా."

"మా ఆయన బీపీ?"

"అదీ అయింది."

"నీళ్లు చల్లగా ఉంటాయి కదండీ."

"మొదటేడే పెట్టారు. ఇప్పుడు గోరువెచ్చగా ఉంటున్నాయని పై ఆఫీసు నుంచి ధ్రువీకరణ వచ్చింది."

పిన్ని కిటికీ దగ్గరికి వంగింది. "ఈ వయసులో ఈతేంటని నలుగురూ నవ్వరా సార్?"

"చాలా మంచి కారణం. ఆ నలుగురి పేర్లూ, చిరునామాలూ జతచేయండి."

పిన్ని వేళ్లు మడవడం మొదలుపెట్టింది. ఒక వేలు దగ్గరే ఆగిపోయింది.

"మా ఆడపడుచు ఒక్కతే తేలుతోంది సార్."

"నిబంధన ప్రకారం నలుగురు ఉండాలమ్మా."

పిన్ని నా వైపు ఆశగా చూసింది. "ఒరేయ్, నువ్వు నవ్వవూ?"

"నేనెందుకు నవ్వుతాను పిన్నీ?"

"ఛీ, అవసరానికి పనికొచ్చావు కాదు కదా!"

మడిచిన ఆ ఒక్క వేలినే చూస్తూ నిలబడింది పిన్ని. చూస్తూ చూస్తూ ఉండగానే ఆవిడకి ఒళ్లు మండింది.

"అయితే ఇన్నేళ్లూ నేను ఎవరికి భయపడి చచ్చినట్టు?"

"ఆ ప్రశ్న మా శాఖ పరిధిలోకి రాదమ్మా."

"సరే, మొదలుపెడుతున్నాను. ఇవాళే. ఫైలు మూసేయండి."

టైపు చప్పుడు ఆగిపోయింది. క్యూలో ఎవరో తమ పిల్లల కళ్లు చేతులతో మూశారు. అధికారి గొంతు తగ్గించి, "తొందరపడకండమ్మా, టీ తాగి ఆలోచించుకోండి" అని బతిమాలారు.

"ఆలోచించడమే కదండీ ఇన్నాళ్లూ చేసింది" అంది పిన్ని.

ఆయన మౌస్ అటూ ఇటూ కదిపారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కదిపారు. ఫైలు మూయడానికి ఆ కంప్యూటర్లో ఒకే ఒక్క కారణం ఉంది: 'దరఖాస్తుదారు మరణించారు.'

"నొక్కేయండి సార్, ఆరింటికి కొలను మూసేస్తారు" అని పిన్ని సంచీ భుజాన వేసుకుని, గబగబా మెట్లు దిగిపోయింది.

"ఇంకో కారణమేదీ పెట్టలేదా అందులో?" అనడిగాను.

"ఇంతవరకూ అవసరం పడలేదండీ" అన్నారాయన.