పడకగదిలో పసుపు

కమ్మర్‌పల్లిలో దేవిదాస్ ఇంటి పడకగదిలో పడుకునేవి పసుపు బస్తాలు. మొగుడూ పెళ్లాలు మాత్రం ఏడాదిగా వరండాలో దోమలతో కాపురం చేస్తున్నారు. ధర పెరగనీ అని అతను, గది ఖాళీ కానీ అని ఆమె. ఇవాళ బస్తాలు కదలకపోతే బోధన్‌లో తల్లిగారింటికి పోతానని గంగమణి పొద్దున్నే తేల్చి చెప్పింది. నిజామాబాద్ మార్కెట్ గంజ్‌లో పసుపు అమ్మడానికి ట్రాలీ మాట్లాడుకొస్తానని దేవిదాస్ బయలుదేరాడు.

తోవలో చాయ్ హోటల్ ఉండటమే వచ్చిన చిక్కు. ద్రవ్యోల్బణం తగ్గిందని అక్కడి పేపర్లో పెద్దక్షరాల్లో పడింది. ఇలాంటి వార్త కంటపడితే నలుగురికీ విడమరిచి చెప్పకుండా ఉండగలిగే మనిషి కాడు దేవిదాస్.

"ద్రవ్యోల్బణం అంటే ధరలే గదా. అది తగ్గిందంటే రేపటికల్లా అన్నీ అగ్గువైతయ్, పసుపు గూడ. అమ్మేటోళ్లు ఇయ్యాల్నే అమ్ముకోండ్రి."

విన్నవాళ్లు చాయ్ సగంలో వదిలేసి లేచారు. ఒకరిని చూసి ఒకరు పసుపు ఎత్తించారు, ఊళ్లో ట్రాలీలన్నీ గంజ్ దారి పట్టాయి. దేవిదాస్ మాత్రం కొత్తగా వచ్చినవాళ్లకు మళ్లీ మొదటినుంచీ చెబుతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. తీరా లేచేసరికి ట్రాలీ ఒక్కటీ మిగల్లేదు. సరే, తన మాట ఎంతవరకు నిజమైందో చూద్దామని బస్సెక్కాడు.

గంజ్‌లో కాలు పెట్టే సందు లేదు. అంత సరుకు ఒక్కసారే దిగేసరికి ధర నిజంగానే కుప్పకూలింది. పొద్దున మంచి ధరకు కొన్న బస్తాల ముందు ఇస్రార్ అనే వ్యాపారి తల పట్టుకు కూర్చున్నాడు. అతని దుకాణంలో టీవీ మోగుతోంది. ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు తగ్గడం కాదు, పెరిగే వేగం తగ్గడమేనని అందులో ఎవరో చెబుతున్నారు. దేవిదాస్ తన ఊరివాళ్లెవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు. మరుక్షణమే మొహం వెలిగింది. అంటే ధరలు పెరుగుతూనే ఉంటాయన్నమాట! ఇవాళ ధర పడిందంతా ఉత్త భయంతోనే.

"ఇస్రార్ భాయ్, గీ సరుకంత నాకిచ్చెయ్."

"మంచిగ సోంచాయించుకున్నవా అన్నా? మల్ల వద్దంటే ఎన్కకు తీస్కోను." అని అడుగుతూనే ఇస్రార్ బస్తాలు ట్రాలీకెక్కించేశాడు.

ఇంటికొచ్చేసరికి గది కడిగి, మంచం వేసి, కొత్త దుప్పటి పరిచి ఉంది. మొగుడి మాట ఊరంతా తిరిగి తన చెవిన పడగానే, గంగమణి మొదటి ట్రాలీ పట్టుకుని బస్తాలన్నీ గంజ్‌కు పంపి అమ్మించేసింది. ఏడాది తర్వాత ఆమె నవ్వుతోంది, పాపం. అంతలో వాకిట్లో ట్రాలీ ఆగింది. ఆమె వెళ్లి ఒక బస్తా మూతి పట్టుకు చూసింది.

"గీ కుట్టు నాదే," అంది మెల్లగా.

సంగతి తెలిసి ఊరు ముక్కున వేలేసుకుంది. పొద్దున ఎక్కువకు అమ్మి, అదే సరుకును సాయంత్రం తక్కువకు కొన్న మొనగాడు జిల్లాలో ఇంకొకడు లేడని తీర్మానించింది. తెల్లారేసరికి, వచ్చే నెల ద్రవ్యోల్బణం అంకె ఎట్లా ఉంటుందో అడగడానికి జనం వరండా నిండా చేరారు.

అందరికీ చాయ్ దేవిదాసే కాచాడు. గంగమణి మొదటి బస్సుకే బోధన్ వెళ్లిపోయింది.