అలసిపోయిన ఉక్కు

ఆ శనివారం పొద్దున గోడి పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. కాఫీ తాగి, రొట్టే జున్నూ తిని, పిస్తోలు తుడుచుకుని ఊరి కాల్పుల శాలకు వెళ్ళాలి. వచ్చేటప్పుడు భార్య ఏల్సి సమాధి మీది జెరేనియం మొక్కలకు నీళ్ళు పోయాలి. అంతే.

పిస్తోలు అతను సార్జెంటుగా ఉన్నప్పుడు సైన్యం ఇచ్చింది. మా ఎమ్మెంటాల్ లోయలో మగవాడు సైన్యం నుంచి దిగిపోయినా ఆయుధం బీరువాలోనే ఉంటుంది, ఎవరికీ అదో వింత కాదు. గోడి పిస్తోలు మంచులో తడిసింది, బురదలో పడింది, ఒకసారి ఆవు తొక్కింది కూడా. అయినా యాభై ఏళ్ళలో ఒక్కనాడూ మొరాయించలేదు. పెళ్ళాం అలిగిన రోజులున్నాయి గాని పిస్తోలు అలిగిన రోజు లేదని అతనే అంటుండేవాడు.

ఏటా మే నెలలో కాల్పుల పండగ. గురి బాగా కుదిరినవాళ్ళకు పూదండ బొమ్మ ఉన్న చిన్న బిళ్ళ ఇస్తారు. గోడికి వచ్చిన బిళ్ళను ఏల్సి స్వయంగా అతని కోటుకు గుచ్చేది, ఇంటికొచ్చాక నల్ల మఖ్మల్ గుడ్డ మీదికి మార్చేది. జనవరిలో ఏల్సి పోయింది. పోయే ముందు, "గుడ్డ మీద ఇంకొక్క చోటు మిగిలిందయ్యా. బోసిగా ఉంచకు" అంది. గోడికి ఈ లోకంలో ఇంకా చేయాల్సింది ఏదైనా ఉందంటే అదొక్కటే.

శాలలో రెండో తూటాకే పిస్తోలు ఆగిపోయింది. నోరు తెరుచుకుని, పేలిన తూటా ఖాళీ గుల్ల మధ్యలో ఇరుక్కుని ఉంది. గోడి గుల్ల లాగేసి మళ్ళీ కాల్చాడు. మళ్ళీ ఇరుక్కుంది.

కాల్పుల సంఘం అధ్యక్షుడు రేస్, తుపాకులు బాగుచేసే ఫ్రిట్స్ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కారణం ఇద్దరికీ తెలుసు. మణికట్టు గట్టిగా లేకపోతే ఎంత గొప్ప పిస్తోలైనా గొంతు పట్టినట్టు ఆగిపోతుంది. గోడి మణికట్టు వడలిన కాడలా వాలిపోతోంది. కానీ మొన్ననే పెళ్ళాన్ని మట్టిలో పెట్టివచ్చిన మనిషికి ఆ మాట ఏ నోటితో చెబుతారు?

"స్ప్రింగు పాతబడింది మామా, మార్చేస్తా" అన్నాడు ఫ్రిట్స్.

స్ప్రింగు మార్చాడు. సోమవారం మళ్ళీ ఇరుక్కుంది. ఫ్రిట్స్ దగ్గర అబద్ధాలు అయిపోయాయి. అప్పుడు రేస్ అందుకున్నాడు.

"ఇది నీ పిస్తోలు ఒక్కదాని జబ్బు కాదు గోడీ. ఉక్కుకైనా అలసట ఉంటుందిగా. అది తయారైన ఏడు పోసిన ఉక్కంతా ఇప్పుడు అలసిపోతోందట."

గోడి పిస్తోలును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆ ఏడువి అన్నీనా?"

"అన్నీ!" అన్నాడు రేస్, అక్కడితో గొడవ వదిలిందనుకుని.

గొడవ అప్పుడే పుట్టింది. గోడి మాజీ సార్జెంటు. తన జట్టు కుర్రాళ్ళు (ఇప్పుడు అందరూ బోసినోటి తాతలే) అవే పిస్తోళ్ళు ఇళ్ళలో పెట్టుకున్నారు. రేపెవరి చేతిలోనైనా పేలితే? మర్నాడు పొద్దున్నే సైకిలెక్కి లోయంతా తిరిగాడు. "ఉక్కు అలిసిందిరా, ముట్టుకోకండి!" అని గడప గడపకూ చెప్పాడు.

మావాళ్ళకు ప్రభుత్వం మీద అనుమానం ఉంటుంది గాని సార్జెంటు మాట మీద ఉండదు. సాయంత్రానికి ఫ్రిట్స్ కొట్టు ముందు బారులు తీరారు. ఒకడు పిస్తోలును పాల బిందెలో తెచ్చాడు, ఒకడు ఉన్ని మేజోడులో తెచ్చాడు. ఓ ముసలమ్మ జాము సీసాల వెనక నుంచి మొగుడి పిస్తోలు తీసి, రెండు వేళ్ళతో చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకొచ్చింది.

అందరికన్నా సంబరపడింది జున్ను చేసే కోబి. పుట్టి బుద్ధెరిగాక అతను గురి కొట్టిన పాపాన పోలేదు. "చూశారా? ఇన్నాళ్ళూ నన్ను చూసి నవ్వారు! ఉక్కురా బాబూ, అంతా ఉక్కు! నా పాత గురి లెక్కలన్నీ దిద్దాలి!" అని పంచాయతీకెక్కాడు. పంచాయతీవారు బెదిరిపోయి, ఆ ఏటి పిస్తోళ్ళతో పండగలో కాల్చకూడదని తీర్మానించారు. సంగతి పక్క లోయకు పాకింది, అక్కణ్ణించి పత్రికకెక్కింది. పండగ రోజు పొద్దున సైన్యం నుంచి కెప్టెన్ ఏగ్లీ అనే ఆవిడ పెట్టెలూ కొలత పరికరాలూ వేసుకుని దిగింది.

"ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడానురా" అని రేస్ ఫ్రిట్స్ చెవిలో ఏడ్చాడు. "దేశ రక్షణ శాఖ దిగింది!"

"నేను స్ప్రింగుతో ఆగాను. ఉక్కు దాకా ఎవడు పొమ్మన్నాడు నిన్ను?" అన్నాడు ఫ్రిట్స్.

ఏగ్లీ అందరి పిస్తోళ్ళనూ పెట్టెల్లో సర్దించి, ముందుగా గోడిది తీసుకుంది. విప్పింది, కొలిచింది, గొట్టంలోకి దీపం వేసి చూసింది. తర్వాత ఊరంతా చూస్తుండగా ఆపకుండా కాల్చింది. ఒక్క గుల్లా ఇరుక్కోలేదు. తూటాలన్నీ నల్ల చుక్కలోనే దిగాయి.

"ఉక్కుకేమీ కాలేదు. ఇంకో రెండు తరాలు పనిచేస్తుంది" అందామె. "లోపం చేతిదే. మణికట్టు నిలవడం లేదు. దీన్ని ఎవరు కాల్చారు?"

"నేనే" అన్నాడు రేస్.

"కాదండీ, నేను" అన్నాడు ఫ్రిట్స్.

"అలాగా? నియమం నియమమే. చేయి నిలవనివాళ్ళు ఈ ఏడు కాల్చడానికి వీల్లేదు. ఇద్దరూ పక్కకు రండి."

"ఆపండర్రా!" గోడి ముందుకొచ్చాడు. "కెప్టెన్ గారూ, వీళ్ళు దొంగ వెధవలు. ఆ చేయి నాది. మొదటి రోజే తెలిసింది నాకు."

"తెలిస్తే మరి సైకిలేసుకుని లోయంతా ఎందుకు తిరిగావు మామా?" అన్నాడు ఫ్రిట్స్.

గోడి తన అరచేయి తిప్పి చూసుకున్నాడు. "రేస్ ఉక్కు అలిసిందన్నాడు. నమ్మాలనిపించింది. నేను తిరిగి పదిమందికీ చెబితే నిజమవుతుందేమో అనిపించింది. ఏల్సి నీరసంగా ఉందని తీసుకెళ్తే డాక్టరు కూడా వట్టి అలసటే అన్నాడు. అప్పుడూ ఇలాగే ఊరంతా తిరిగి చెప్పాను."

రేస్ టోపీ తీసి చేతుల్లో నలిపేశాడు.

ఏగ్లీ రేస్‌నూ ఫ్రిట్స్‌నూ వదిలేసింది. గోడికి మాత్రం తల అడ్డంగా ఊపింది. ఊపేటప్పుడు అతని మొహంలోకి చూడలేకపోయింది. గోడి ఆమెకు సైనికుడిలా నమస్కరించాడు. ఆ నమస్కారంలోనూ చేయి వాలిపోయింది.

కోబి పిస్తోలు ఇంకా పెట్టెలోనే ఉంది, పరీక్ష కాలేదు. "నాది తీసుకో, అదీ కాస్త పండగ చూడాలిగా" అని గోడి తనదిచ్చాడు. కోబి దండం పెట్టుకుని కళ్ళు చికిలించి కాల్చాడు. ఆ మహానుభావుడికి ఆ రోజు బిళ్ళ వచ్చింది!

సాసేజీలు కాలుస్తున్న గుడారం దగ్గరికి వచ్చి కోబి బిళ్ళను గోడి ముందు పెట్టాడు. "ఇది నాది కాదు గోడన్నా. పిస్తోలుది. వదిన గుడ్డకి గుచ్చుకో."

"ఏల్సి లెక్కగల మనిషిరా. దొంగ బిళ్ళ గుచ్చితే కలలోకొచ్చి చీవాట్లు పెడుతుంది" అన్నాడు గోడి. బిళ్ళను తీసుకుని కోబి కోటుకు గుచ్చబోయాడు. వేళ్ళు వణికి సూది రెండుసార్లు జారింది. కోబి కదలకుండా నిలబడి, కళ్ళ నీళ్ళ నెపం పొగ మీదికి నెట్టాడు. మూడోసారికి దిగింది.

ఇంటికెళ్ళి గోడి వంటగదిలో పాత పత్రిక పరిచి, పిస్తోలు దాని మీద పెట్టాడు. మఖ్మల్ గుడ్డను ఒకసారి తీసి, బోసిగా ఉన్న చోటును బొటనవేలితో రాసి, మడిచి లోపల పెట్టేశాడు. "క్షమించవే" అన్నాడు పైకే, వినేవాళ్ళెవరూ లేకపోయినా. తర్వాత నూనె గుడ్డ తీసుకుని ఎప్పట్లాగే తుడవడం మొదలుపెట్టాడు.

పిస్తోలు నిక్షేపంగా ఉంది.