లైనింగు గుడ్డ తెలుపు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఉన్న మా ఊరి వాగు కాలుష్యం నుంచి సంపూర్ణ విముక్తి పొందినట్లు ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికి తెలియజేయడమైనది. వాగు ఒడ్డున నరసింహం గారికి నూలు అద్దకం కార్ఖానా ఉంది. ఆయన దయవల్ల మా వాగూ, దాని పక్కనున్న మంచినీళ్ల బావీ ఆరేళ్లుగా నీలంగా ఉండేవి. నీలం నీళ్లు ఎవరూ తాగరు కాబట్టి ఊరికి రోజూ ట్యాంకరు వచ్చేది.

ఈమధ్య కార్ఖానాలో కరెంటుతో మురుగునీటిని శుద్ధిచేసే తొట్టి పెట్టారు. నీళ్లలో ఉప్పు వేసి, రెండు లోహపు పలకలు ముంచి, కరెంటు ఇస్తే రంగు విరిగి ముక్కలైపోతుంది. ఎంత విరిగిందో ఎప్పటికప్పుడు కొలిచే పరికరం కూడా వచ్చింది. రంగు పోయినా మిగిలే ముక్కలు మరింత విషం కావచ్చని, వాటినీ కొలిచి తీరాలని దాని వెంట వచ్చిన పుస్తకంలో ఉంది. పుస్తకం ఇంగ్లీషులో ఉండటం వల్ల పరికరంతో సహా దాన్ని బీరువాలో భద్రపరిచారు.

అయినా పర్యవేక్షణ ఆగకూడదు గదా! కాలుష్య నియంత్రణ మండలి పర్యవేక్షణాధికారి గురుస్వామి గారు బాగా ఆలోచించి, నంద్యాలలో మ్యాచింగ్ సెంటర్ నడిపే హబీబ్‌ను నిపుణుడిగా నియమించారు. చీర చూడగానే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ తీయడంలో హబీబ్ కన్ను ఎన్నడూ తప్పలేదు. అర్ధగంటకోసారి గాజుగ్లాసులో తొట్టి నీళ్లు పట్టి, పక్కన గుడ్డముక్క పెట్టి చూశాడు. ముందు నెమలి నీలం, తర్వాత ఆకాశ నీలం. మూడో గంటకు, "లైనింగు గుడ్డ తెలుపు సార్. ఇంగ అనుమానమే ల్యా" అన్నాడు. గురుస్వామి గారు రిజిస్టరులో 'కాలుష్యం: సున్న' అని రాసి సంతకం చేశారు.

ప్రారంభోత్సవ సభలో ఆయనే మాట్లాడారు. "కంటికి కనబడని కాలుష్యం కాలుష్యమే కాదు! ఈ నీటి వాసన గమనించండి. అచ్చం పెద్దాసుపత్రి వాసన! ఇంతకు మించిన పరిశుభ్రత ఏ దేశంలో ఉంది?" మేము చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టాం. అప్పటికే వాగూ, బావీ తేటపడ్డాయి గనక మర్నాటి నుంచి ట్యాంకరు ఆపేశారు.

ఆ వారంలోనే మా వీధి జైనాబీ మేకలు రెండు వాగు నీళ్లు తాగి చచ్చిపోయాయి. గుడ్డముక్కతో పోల్చి చూసే వీలులేని సంగతి కనుక అది రిజిస్టరుకు ఎక్కలేదు. జైనాబీ గురుస్వామి గారి ఆఫీసుకు పోయింది.

"నీలంగా ఉన్నెప్పుడు పసిబిడ్డ గూడా తాగకపోయె సార్. ఇప్పుడు యాడ తెలుస్తాది? నా బిడ్డ షబానాకు ఎనిమిదో నెల కడుపు. ట్యాంకరన్నా పంపీండి, లేకుంటే ఆ రంగన్నా మళ్లా ఏయండి."

"నీళ్లలో రంగు కలపడం నేరమమ్మా" అని గురుస్వామి గారు ఓపిగ్గా బోధించి పంపారు.

ఆమెకు బోధ తలకెక్కలేదు. మర్నాడు తెల్లవారేసరికి, బట్టలకు పెట్టే నీలిమందు సీసాలు ఒక పెట్టెడు తెచ్చి బావిలో కుమ్మరించింది. బిందెలతో వచ్చినవాళ్లంతా లోపలికి తొంగి చూసి వెనక్కి తిరిగారు. ఆ పూట ఆ నీళ్లు ఒక్కరూ తాగలేదు.

ఆఫీసుకు మేమే ఫోను చేశాం. ఫిర్యాదు చేస్తే ఆరేళ్లు రాని జీపు అర్ధగంటలో వచ్చింది. హబీబ్ గ్లాసు ముంచి, నెమలి నీలమేనని ధ్రువీకరించాడు. మంచినీళ్లను కలుషితం చేసినందుకు జైనాబీ మీద కేసు రాశారు. మా ఊళ్లో కాలుష్యం కేసు రాయడం ఇదే మొదటిసారి.

"తాగొద్దప్పా! మీ ఇండ్లల్లో పిల్లోళ్లు లేరా? మీ కోసరమే ఏసినా" అని ఆమె అందరి ముఖాలూ చూస్తూ అరిచింది.

బావి తోడించేదాకా నీళ్లకు ఎంత దూరం నడవాలో తలుచుకుని మాకు ఒళ్లు మండిపోయింది. గురుస్వామి గారు సాక్షులెవరని అడిగారు. మేమంతా చదువుకున్నవాళ్లం, చట్టం విలువ తెలిసినవాళ్లం. తోసుకుంటూ ముందుకొచ్చాం. మొదటి సంతకం నాదే.